గింజలు నిండుకొన్నాయి

మా బళ్లారికి కొత్తగా వచ్చే తెలుగువారిని మొట్టమొదట తికమక పెట్టే మాట "గుడ్డ". మనకు గుడ్డ అంటే బట్ట. కన్నడంలో గుడ్డ అంటే కొండ. ఊళ్లో ఉన్న రెండు కొండలలో కోట ఉన్నది బళ్లారి గుడ్డ, రెండోది కుంబార గుడ్డ, అంటే కుమ్మరి కొండ అన్నమాట. యాభై ఏళ్ల కిందట మా ఇంటామె కృష్ణా జిల్లా నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో, పక్కింటి పెద్దామె వీధరుగు మీద కూర్చుని "కుంబార గుడ్డ చూసినావామ్మా?" అని అడిగిందట. ఏ కుమ్మరివారి గుడ్డో గాలికి ఎగిరి వచ్చి మన దండెం మీద పడిందేమోనని మా ఇంటామె పెరట్లోకి వెళ్లి వెతికి, "ఇక్కడేమీ లేదండీ" అని చెప్పింది. సత్యనారాయణపేటలో మా వీధివారు ఆ ముచ్చట చెప్పుకొని ఏడాది పొడుగునా నవ్వుకొన్నారు.

ఆ కుంబార గుడ్డకే ఇంకొక పేరు కూడా ఉన్నది. ఆగ్నేయం వైపు నుంచి చూస్తే దాని రాళ్ల వరుస వెల్లకిలా పడుకొన్న మనిషి ముఖంలాగా కనబడుతుంది. అందుకని ఇంగ్లీషువారు దానిని ముఖం కొండ అన్నారు. ఒకే కొండకు ఒక పేరు పోలిక లేకుండా వచ్చింది, ఒక పేరు పోలిక వల్ల వచ్చింది. కొండకు ముఖం ఉండదని తెలియనివారు లేరు. అయినా ఆ మాట వినగానే అందరమూ ఆ వైపుకు తల తిప్పి ముఖం కోసం వెతుకుతాము.

మాటకు ఉన్న అర్థమేది, మాట మోసుకొని వచ్చే అర్థమేది అన్న విచారణ పండితులది గదా, మన సంసారాలలో దానికేం పని అని నేను చాలాకాలం అనుకొన్నాను. నాలుగేళ్ల కిందట సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన సంగతి నా అభిప్రాయం మార్చింది. అది మన పిల్లలందరికీ సంబంధించినది కాబట్టి ఇక్కడ మనవి చేస్తున్నాను.

మా అక్కను ఆలూరు తాలూకా పల్లెటూరికి ఇచ్చారు. 1953 అక్టోబరు 1వ తేదీన పాత బళ్లారి జిల్లాను చీల్చినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. అప్పటికి మేము చిన్నపిల్లలం. ఆ తరువాత ఏడేళ్లకు అక్క పెళ్లి జరిగింది. మా నాన్న మ్యాపు మీది గీతను లెక్కచేయలేదు. "వియ్యానికి గీతలేమిటి?" అన్నాడు. అక్కకు ఇప్పుడు ఎనభై దాటాయి. బావ పోయి చాలా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు. అక్కకు చెవులు వినపడవు, అందుచేత ఫోను వల్ల ప్రయోజనం లేదు. ఈ కాలంలో కూడా పోస్టుకార్డు వ్రాసే మనుషులలో ఆమె ఒకతె.

ఆ సంక్రాంతికి నాకు కంటి శుక్లాల ఆపరేషను అయి రెండు వారాలయింది. కొత్త అద్దాలు వచ్చేదాకా చదవవద్దన్నారు. మా ఇంటామె చెల్లెలి ఇంట్లో పెళ్లికని కృష్ణా జిల్లాకు వెళ్లింది. కొడుకూ కోడలూ కన్నడంలో చదువుకొన్నవారు. ఇంట్లో తెలుగు బాగా మాట్లాడతారు గాని చదవడం అలవాటు లేదు. ఎనిమిదో తరగతి చదువుతున్న మనుమడికి మాత్రం సెలవుల్లో నేను తెలుగు అక్షరాలు దిద్దించాను. కన్నడ లిపి వచ్చిన పిల్లవాడికి తెలుగు లిపి నేర్పడం కష్టం కాదు. రెండూ ఒక తల్లి బిడ్డలు. తలకట్టు తేడా, నాలుగైదు అక్షరాల తేడా చెబితే నెల రోజుల్లో చదివేస్తాడు. మావాడు అట్లా చదివేశాడు. నాకు గర్వంగానే ఉండేది.

అక్క దగ్గరనుంచి కార్డు వచ్చింది. నేను కంటికి పచ్చగుడ్డ కట్టుకొని పడక కుర్చీలో ఉన్నాను. "ఏమి వ్రాసిందిరా?" అని అడిగాను.

వాడు చూసుకొని, "అవ్వ బాగుందంట తాతా. మామ సుగ్గికి పోయినాడంట. ఇంట్లో గింజలు నిండిపోయినాయంట. అవ్వ కృష్ణా రామా అని పూజ చేసుకుంటూ కూర్చుందంట" అన్నాడు.

సంక్రాంతి రోజులు. సుగ్గి అంటే కన్నడంలో పంట ఇంటికి వచ్చే కాలం. సంక్రాంతిని సుగ్గి హబ్బ అనే అంటారు. పండుగ వచ్చింది, గింజలు ఇంటికి వచ్చాయి, అక్క దేవుణ్ణి తలుచుకొంటున్నది. నాకు మనసు చల్లబడింది. "మంచి మాట చెప్పావు నాయనా" అని వాడి వీపు తట్టాను. వాడు కార్డును కిటికీలో పెట్టి ఆటకు పోయాడు.

పన్నెండు రోజులకు మా ఇంటామె పెళ్లినుంచి తిరిగివచ్చింది. కిటికీ తుడుస్తూ కార్డు చేతికి తీసుకొన్నది. చదువుతూ చదువుతూ అట్లాగే నిలబడిపోయింది. "ఏమండీ, ఈ కార్డు మీరు చూశారా?" అన్నది. గొంతు మారింది. "చూడలేదు, విన్నాను. అక్క బాగుందట గదా" అన్నాను. అప్పుడామె ఒక్కొక్క మాటా పైకి చదివింది:

"తమ్ముడికి ఆశీస్సులు. పిల్లోడు సుగ్గికి పోయినాడు. గింజలు నిండుకొన్నాయి. నేను కృష్ణా రామా అనుకొంటూ కూర్చున్నాను. మీరంతా చల్లగా ఉండాల."

అంతే. నాలుగు ముక్కలు. మూడు మాటలలోనూ మావాడు బోల్తా పడ్డాడు.

ఆలూరు, ఆదోని ప్రాంతంలో సుగ్గికి పోవడమంటే పంట ఇంటికి రావడం కాదు. వానలు మోసం చేసి సొంత పొలం ఎండినప్పుడు, పంట ఉన్న చోటికి, గుంటూరు వైపు మిరపకోతలకో మరొక చోటికో, కూలికి వలసపోవడం. ఒకనాడు పంటకాలాన్ని తెలిపిన మాట కాలక్రమాన పంట లేని వాళ్ల ప్రయాణానికి పేరయింది. గీతకు ఇటువైపు అది పండుగ, అటువైపు వలస. ఇక గింజలు నిండుకొన్నాయంటే అయిపోయాయని అర్థం. కృష్ణా రామా అనుకొంటూ కూర్చోవడమంటే పూజ చేసుకోవడం కాదు, ఇక చేయగలిగింది ఏమీ లేదని కూర్చోవడం.

ఆ కార్డు పైకి వినడానికి ఎంత సంతోషంగా ఉన్నదో, లోపల అంత ఆకలితో ఉన్నది.

మరునాడే కొడుకును వెంటబెట్టుకొని బయలుదేరాను. ఒక మూట బియ్యం, ఒక మూట జొన్నలు, కందిబేడలు, నూనె బస్సు మీద వేయించాము. అక్క గడపలోనే కూర్చున్నది. చిక్కిపోయింది. కార్డు మీద ఇచ్చే బియ్యం ఎప్పుడో అయిపోయాయట. కొడుకు పంపుతానన్న డబ్బు ఇంకా అందలేదు. పక్కింటివారు పెట్టిన రొట్టెతో ఒంటిపూట గడుపుతున్నది. నన్ను చూసి, "కంటికి గుడ్డ కట్టుకొని ఎందుకొచ్చినావురా?" అని మొదట నా మీదనే కోప్పడింది.

నేను చెవి దగ్గర గట్టిగా, "ఇంత కష్టంగా ఉంటే స్పష్టంగా వ్రాయకూడదా అక్కా?" అని అడిగాను.

"రాసినాను గదరా, నిండుకొన్నాయని" అన్నది.

"పిల్లవాడికి తెలియలేదక్కా. నిండినాయనుకొన్నాడు. లేవు అని వ్రాసివుంటే..."

అక్క నావైపు వింతగా చూసింది. "లేవు అనే మాట ఇంట్లో ఎట్లా అంటార్రా? గింజలు లక్ష్మి గదా. దీపం ఆరిపోయిందంటామా? కొండెక్కిందంటాము. నువ్వు ఇంటికి పోయేటప్పుడు పోతానంటావా? పోయొస్తానంటావు. అమ్మ మనకు నేర్పిన మాటలే గదా ఇవి. ఈ వయసులో నేను లేవు, లేవు అని కాగితం మీద రాసి పోస్టు డబ్బాలో వేయాల్నా?"

నాకు నోట మాట రాలేదు. ఆ నిండుకోవడంలో లక్ష్మి మీద భక్తి ఉన్నది. దానికంటె ఎక్కువగా ఆమె అభిమానం ఉన్నది. తమ్ముడిని చెయ్యి చాచి అడగకుండా తమ్ముడికి తెలియజేయాలి. ఆ రెండు పనులూ చేయగల మాట భాషలో ఒకటి ఉన్నది. ఆమె దానిని వాడుకొన్నది. వినేవాడికి ఆ మాట తెలిసి ఉంటుందని నమ్మింది. నమ్మకం వమ్మయింది మా ఇంట్లోనే గాని ఆమె వ్రాతలో కాదు.

తిరిగివచ్చిన తరువాత మనుమడు రెండు రోజులు నా ఎదుటికి రాలేదు. వాడి తప్పు ఏమున్నది? తప్పు నాది. "ఏమి వ్రాసింది?" అని అడిగాను గాని "వ్రాసింది చదువు" అనలేదు. సారాంశం చాలుననుకొన్నాను. సారాంశంలో అక్క మాట పోయి మనుమడి మాట మిగిలింది. "నిండుకొన్నాయి" అన్నది "నిండిపోయినాయి" అయింది. అక్క మాటను ఉన్నదున్నట్టు విని ఉంటే, కట్టు కట్టిన కళ్లతోనైనా నేను లేచి నిలబడేవాణ్ణి.

మా స్నేహితుడొకాయన ఈ ఊళ్లోనే చాలాకాలం తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నాడు. శనివారం సాయంత్రాలు మా అరుగు మీద నలుగురం చేరి ఆయన చేత వసుచరిత్రో ఆముక్తమాల్యదో చదివించుకొంటాము. ఈ సంగతి ఆయనతో చెప్పాను. ఆయన మనుమణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకొన్నాడు.

"నాయనా, నువ్వు చదివింది అభిధ. అంటే మాటకు నిఘంటువులో ఉన్న అర్థం. అది తప్పు కాదు. అందరూ మొదట అక్కడే అడుగుపెడతారు. కాని ఆ అర్థం అక్కడ కుదురుతుందా అని ఒక్క క్షణం ఆగి చూడాలి. పాతవారు ఒక ఉదాహరణ చెబుతారు: గంగలో గొల్లపల్లె ఉన్నది. నీళ్లలో పల్లె ఉంటుందా?"

"ఉండదు. మునిగిపోతుంది" అన్నాడు మావాడు.

"అదే. మొదటి అర్థానికి అడ్డు తగిలింది. అప్పుడు దానికి దగ్గర సంబంధం ఉన్న మరొక అర్థానికి వెళతాము. గంగలో అంటే గంగ ఒడ్డున. దీనిని లక్షణ అన్నారు. దానికి మూడు కావాలి. మొదటి అర్థం కుదరకపోవాలి. రెండో అర్థానికి దానితో సంబంధం ఉండాలి. అట్లా అనడం లోకంలో వాడుక అయినా అయివుండాలి, లేదా అట్లా అనడానికి ఒక ప్రయోజనమైనా ఉండాలి. ఒడ్డున అనకుండా గంగలోనే అనడం వల్ల ఆ పల్లె చల్లదనం, పవిత్రత మనసుకు తోస్తాయి. ఆ తోచడం వ్యంజన. ఇక మీ అవ్వ వ్రాసినట్టు ఉన్న అర్థానికి ఎదురు అర్థం వస్తే దానిని విపరీత లక్షణ అంటారు. చెడగొట్టినవాణ్ణి ఎంత ఉపకారం చేశావయ్యా అంటామే, అట్లాంటిది. కాకపోతే అక్కడ వెటకారం, ఇక్కడ మంగళం."

కాశ్మీరంలో తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో పెంచిన విచారణ ఇది. తరువాత మమ్మటుడు కావ్యప్రకాశంలో కూర్చి పెట్టాడు. ఓరుగల్లులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో చెప్పాడు. మన రామరాజభూషణుడు నరసభూపాలీయంలో తెలుగు చేశాడు. కన్నడంలో మనకు దొరికే మొదటి గ్రంథమైన కవిరాజమార్గం కూడా, తొమ్మిదో శతాబ్దానిదే, అలంకారశాస్త్రమే. ఇన్ని దేశాలవారు ఇన్ని వందల ఏళ్లు ఒక మాట వెనుక ఉన్న మాట కోసం తపించారంటే అది కవుల వినోదం కోసమే కాదని నాకు అప్పుడు తోచింది. అర్థం చేసికోకపోతే ఎవరికో నష్టం జరుగుతుంది.

మనుమడు ఒక ప్రశ్న వేశాడు. "కుదరకపోతే ఆగాల అన్నారు గదా. అవ్వ రాసిందంతా కుదిరింది. గింజలు నిండడం కుదరదా? ఎక్కడ ఆగాల?"

మంచి ప్రశ్న. పండితుడు నవ్వాడు. "మాటలో అడ్డు కనబడకపోతే మాట చుట్టూ చూడాలి. చెప్పేవారెవరు, వినేవారెవరు, ఏ గొంతుతో చెప్పారు, ఏ సందర్భం, ఏ దేశం, ఏ కాలం, వీటిని చూడమని మమ్మటుడే జాబితా ఇచ్చాడు. పొద్దు గుంకింది అన్న మాట ఒకటే. అంగడివాడికి దీపం పెట్టమని, ఆడుకొనే పిల్లవాడికి ఇంటికి రమ్మని, కూలివాడికి పని చాలించమని, దొంగకు సిద్ధం కమ్మని అర్థం. అవ్వ కార్డును ఆ జాబితాతో చూడు. వ్రాసినది ఒంటరి ముసలామె. ఆ ఏడు ఆ దేశాన వానలు లేవు. కొడుకు ఊళ్లో లేడు. పంట ఇంటికి వచ్చే ఇంట్లో కొడుకు ఎందుకుండడు? అక్కడ ఆగాలి."

గొంతు కార్డు మీద కనబడదు గదా అని నేనన్నాను. దానికి ఆయన మన ఊరి రాఘవ సంగతి ఎత్తాడు. 1880లో పుట్టి 1946లో పోయిన బళ్లారి రాఘవ, పద్యాన్ని రాగం తీసి సాగదీసి పాడటం కంటె మాటను భావంతో పలకడమే నటన అని పట్టుబట్టినవాడు. రాఘవ పేరున ఈ ఊళ్లో కళామందిరం ఉన్నది, మనవాళ్లంతా ఎరుగుదురు. "ఒకే వాక్యం గొంతు మారితే ఆశీస్సు శాపమవుతుంది. దానినే శాస్త్రం కాకువు అన్నది. నటుడు దానిని మనకు వినిపిస్తాడు. పుస్తకం వినిపించదు. అందుకని చదివేవాడే లోపల నటుడు కావాలి. మెల్లగా పైకి చదివితే సగం గొంతు తనంతట వస్తుంది" అన్నాడాయన. మా ఇంటామె కార్డును పైకి చదివినప్పుడు నాకు అక్క గొంతు వినబడిన మాట నిజం.

ఆ రోజునుంచి మావాడికి కొత్త పిచ్చి పట్టుకొన్నది. ప్రతి మాటకూ లోపలి అర్థం వెతకడం మొదలుపెట్టాడు. వాళ్ల అమ్మ "తలుపు వెయ్యి" అంటే, "దీని వ్యంగ్యం ఏమి?" అంటాడు. "చలిగాలి వస్తున్నదిరా" అంటే, "చలిగాలి అంటే ఎవరు?" అంటాడు. ఇల్లంతా నవ్వులాట అయింది. రెండు వారాలు చూసి, మళ్లీ పండితుణ్ణే ఆశ్రయించాను. ఆయన మొదట రాఘవపాండవీయం పేరెత్తాడు.

పింగళి సూరన ఆ కావ్యంలో ఒకే పద్యాలలో రామాయణ కథనూ భారత కథనూ నడిపాడు. మాటను ఒక విధంగా విడదీస్తే రాముడి కథ, మరొక విధంగా విడదీస్తే పాండవుల కథ. పండితుడు పిల్లవాడికి తేలికగా తెలియాలని తన మాటలలోనే ఒకటి చెప్పాడు. "రాజు కరములు చాచాడు అన్నాననుకో. రాజు అంటే ప్రభువు, కరములు అంటే చేతులు. రాజు అంటే చంద్రుడు కూడా, కరములు అంటే కిరణాలు కూడా. ఇందులో ఏది పోలిక, ఏది అసలు? రెండూ అసలే. రెండూ నిఘంటువులో ఉన్నవే. చూశావా, రెండర్థాలున్న చోటల్లా లక్షణ ఉన్నదనుకోకూడదు. సూరన గారిని చదవాలన్నా ముందు ఒక్కొక్క పదానికి ఉన్న అర్థం తెలియాలి. అభిధ రానివాడికి శ్లేష రాదు, ధ్వని అసలే రాదు."

ఆ తరువాత ఆయన చొక్కా పై గుండీ విప్పి ఛాతీ మీద నిలువుగా ఉన్న మచ్చ చూపించాడు. "ఇది చూడు. ఇది కూడా అలంకారశాస్త్ర పాఠమే" అన్నాడు.

ఆ సంగతి నాకు తెలుసు. నేనూ అందులో దోషినే.

పదేళ్ల కిందట ఆయన కూతురు పెళ్లయి విదేశానికి వెళ్లిన మూడోనాడు, మా అరుగు మీదనే కూర్చున్నాము. ఆయన మాట మధ్యలో ఆగి, "గుండె మీద బండ పెట్టినట్టున్నదయ్యా" అన్నాడు. మేము ముగ్గురమూ కావ్యాలు చదివినవాళ్లం. ఆడపిల్ల వెళ్లిపోయిన తండ్రి ఆ మాట అంటే ఇంకేమనుకొంటాము? కణ్వమహర్షి అంతటివాడు శకుంతలను సాగనంపేటప్పుడు తట్టుకోలేకపోయాడని ఒకరు, కాలమే మాన్పుతుందని ఒకరు ఓదార్చాము. నేను శాకుంతలం నాలుగో అంకం మీద చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన నుదుటిమీద చెమటలు పోస్తున్నా అవి కన్నీళ్లకు ముందు వచ్చే చెమటలనే అనుకొన్నాము.

ఇంతలో ఆయన భార్య వచ్చింది. ఆమె ఏ కావ్యమూ చదవలేదు. ఒక్క మాట అడిగింది: "ఎక్కడ? చెయ్యి పెట్టి చూపించండి." ఆయన చెయ్యి ఛాతీ నడుమ పెట్టి, అక్కడినుంచి ఎడమ భుజం దాకా జరిపాడు. ఆమె ఇంకొక మాట మాట్లాడకుండా వీధిలోకి పోయి ఆటోను ఆపింది. ఆసుపత్రిలో డాక్టరు కూడా మొదట అదే ప్రశ్న వేశాడు: ఎక్కడ? గుండెపోటే. గుండెకు రక్తం అందనప్పుడు ఎందరికో నొప్పి అనిపించదట, బరువు పెట్టినట్టు, అదిమినట్టు అనిపిస్తుందట. అంటే ఆయన అన్నది అలంకారం కానే కాదు. శరీరం చెప్పిన సంగతిని ఉన్నదున్నట్టు చెప్పాడు. మేము దానిని కవిత్వం చేశాము. తరువాత ఆపరేషను జరిగి మనిషి దక్కాడు. మా ఉపన్యాసం ఇంకొక గంట సాగివుంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

మనుమడు ఆ మచ్చవైపు చాలాసేపు చూశాడు. "అయితే ఎట్లా తెలుసుకోవాల, పండిత తాతా? అవ్వ మాట ఉన్నట్టు తీసుకొంటే తప్పయింది. మీ మాట ఉన్నట్టు తీసుకోకపోతే తప్పయింది."

ఆయన, "అడగాలిరా. ఎదుట మనిషి ఉంటే అడగాలి. పుస్తకమైతే మళ్లీ చదవాలి. ముందు ఎక్కడ, ఏమిటి, ఎవరు అన్నది తేల్చుకో. అది తేలితే మిగిలినది తనంతట కనబడుతుంది. మొదటి మెట్టు ఎక్కకుండా మూడో మెట్టుకు ఎగిరినవాళ్లం మేము. మొదటి మెట్టుమీదే కూర్చుండిపోయినవాడివి నువ్వు" అన్నాడు.

మన సంఘంలో పెద్దలు చాలామంది పిల్లలకు తెలుగు రావడం లేదని బాధపడుతుంటారు. వస్తున్నది. మాట్లాడుతున్నారు, కొందరు చదువుతున్నారు. రానిది మాట వెనుక ఉన్న ఇల్లు. అది పాఠంతో వచ్చేది కాదు. అవ్వలు, తాతలు, మేనత్తలు ఉన్నచోట చెవిన పడి వచ్చేది. సరిహద్దు మీద ఉన్న మనకు ఈ కష్టం రెండింతలు. ఎందుకంటే కన్నడం మనకు మరీ దగ్గర. హొట్టెకిచ్చు అంటే మన కడుపుమంటే, కన్నడంలో చెయ్యిచ్చినా తెలుగులో చెయ్యిచ్చినా మోసమే. ఇన్ని కుదిరిన తరువాత గుడ్డా, సుగ్గీ కూడా కుదురుతాయనుకొంటాము. పరాయిభాషలో తెలియని మాట తెలియదనైనా తెలుస్తుంది. చుట్టపు భాషలో తెలియని మాట తెలిసినట్టే ఉంటుంది.

అందుచేత మా ఇంట్లో ఒక చిన్న నియమం పెట్టుకొన్నాము. అక్క కార్డు వస్తే ఎవరూ సారాంశం చెప్పకూడదు. మనుమడు భోజనాల వేళ అందరి ఎదుటా మాట వెంట మాటగా పైకి చదవాలి. వాడికి ఏ మాట దగ్గర అనుమానం వచ్చినా ఆగాలి. ఆగినందుకు ఎవరూ నవ్వకూడదు. కుంబార గుడ్డ కోసం పెరడు వెతికిన మనిషి ఇంట్లోనే ఉన్నది కాబట్టి ఆ చివరి నియమం ఆమే పెట్టింది.

అక్కకు కూడా మావాడే ఒక కార్డు వ్రాశాడు. తప్పులు ఉన్నాయి గాని చేతివ్రాత బాగుంది. "అవ్వా, నేను సరిగా చదవలేదు. క్షమించు. ఇకమీద నువ్వు ఎట్లా రాసినా నేను అర్థం చేసుకుంటాను" అని. ఆమె జవాబు వ్రాసింది. వాడి కోసం కాబోలు, చాలా తేటగా వ్రాసింది: "మామ వచ్చినాడు. గింజలు ఉన్నాయి. ఉన్నాయి అంటే ఉన్నాయి అనే." అది చదివి అందరమూ నవ్వాము. మా ఇంటామె మాత్రం కళ్లు తుడుచుకొన్నది. ఎనభై ఏళ్ల మనిషి తన భాషను విడిచి పిల్లవాడి భాషలోకి దిగివచ్చిందే అని ఆమె బాధ.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఇంకొక కార్డు వచ్చింది. ఎప్పటిలాగే భోజనాల దగ్గర మావాడు పైకి చదువుతున్నాడు. "తమ్ముడికి ఆశీస్సులు. ఇక్కడ ఎండలు మండుతున్నాయి. పిల్లోడు ఇంట్లోనే ఉన్నాడు. కందిబేడలు నిండు..." అని ఆగాడు. మేమెవరమూ పలకలేదు. వాడు కార్డును కంచం పక్కన పెట్టి చెయ్యి కడుక్కొన్నాడు.

"బేడలు ఎన్ని కిలోలు తీసుకోవాల, తాతా? సాయంత్రం బస్సుకు నేనే పోతాను" అన్నాడు.